పడిపోకుండా ఫోన్ ఆపుతుందా? వాడినవాళ్ళు చెప్పండి

పటమట_లెక్కల_మాస్టారు | సోమవారం ఉదయం 6:40

నా వయసు 71, ఉండేది విజయవాడ. షుగర్ ఉంది, చేతికర్ర ఇంకా రాలేదు. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో ఒక లింకు పంపి, "నాన్నా, పన్నెండు ప్రశ్నలు. అవునో కాదో నొక్కండి చాలు" అంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ ప్రశ్నాపత్రం అది. ఇంట్లో నడిచేటప్పుడు గోడో సోఫానో పట్టుకుంటారా? కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలా? బాత్రూంకి హడావిడిగా పరుగెత్తాల్సి వస్తుందా? పాదాల్లో స్పర్శ తగ్గిందా? నిద్రమాత్ర వేసుకుంటారా? ఈ అయిదింటికీ అవును. మొత్తం 5 మార్కులు. 4 గానీ అంతకు మించి గానీ వస్తే పడే ప్రమాదం ఉన్నట్టేనట. ముప్పై ఏళ్ళు పిల్లలకు మార్కులు వేసినవాణ్ణి, పాసయినందుకు బెంగ పెట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఇంతవరకు నేను పడలేదు. అందుకే అడుగుతున్నాను. ఫోన్లో ఈ పరీక్షలు, వ్యాయామాలు చూపించే యాప్‌లు, పడితే కబురు పంపే వాచీలు మన వయసువాళ్ళకు పనికొస్తాయా? వాడినవాళ్ళు చెప్పండి. వాడకుండా తిట్టేవాళ్ళు కూడా చెప్పొచ్చు, కాకపోతే కారణం రాయాలి.

పాతకాలం_మనిషి | సోమవారం ఉదయం 7:15

కారణం రాస్తున్నాను మాస్టారూ. పడబోయేవాడికి పట్టుకోవడానికి గోడ కావాలి. చేతిలో ఫోన్ ఉంటే ఆ ఒక్క చెయ్యి కూడా ఖాళీ ఉండదు. నాకు 78. మా నాన్న చివరిదాకా బావిలో నీళ్ళు తోడుకుని స్నానం చేశాడు. ఏ యాప్ చూసి తోడాడు?

బ్రాడీపేట_అత్తయ్య | సోమవారం ఉదయం 7:50

అన్నయ్యగారూ, మీ నాన్నగారి ఇంట్లో నేల నాపరాళ్ళయి ఉంటుంది, గరుగ్గా కాలికి పట్టు దొరికేది. ఇప్పుడు మన ఇళ్ళలో టైల్స్ అద్దంలా ఉంటున్నాయి. పనమ్మాయి తడిగుడ్డ పెట్టి వెళ్ళాక పావుగంట నేను మంచం దిగను. నాన్నగారు పడలేదంటే ఆయన కాళ్ళ గొప్పతనం సగం, నేల గొప్పతనం సగం.

పాతకాలం_మనిషి | సోమవారం ఉదయం 7:58

నేల సంగతి ఒప్పుకుంటాను. ఫోన్ సంగతి ఒప్పుకోను.

కొండమీద_ఇల్లు | సోమవారం ఉదయం 10:20

మాది చిట్టినగర్ సొరంగం దగ్గర కొండ మీద. కింద రోడ్డు నుంచి మా గుమ్మానికి 86 మెట్లు. మా మనవడు ఇంటి భద్రత జాబితా అని ఒకటి తెరిచి నన్ను కూర్చోబెట్టి అడిగాడు. "మెట్లకు రెండు వైపులా పట్టుకునే కడ్డీ ఉందా?" ఒకవైపు పక్కింటివాళ్ళ గోడ, ఇంకోవైపు గాలి. "ఎక్కడైనా మెట్లు విరిగి, ఎగుడుదిగుడుగా ఉన్నాయా?" ఎక్కడ లేవో అడిగితే తొందరగా చెప్పేదాన్ని. ఒక మెట్టు జానెడు, ఇంకోటి మూరెడు. అవును అని నొక్కితే బాగుచేయించుకోండి అని వచ్చింది. ఎవరితో చేయించాలి బాబూ? అది నా ఒక్కదాని మెట్టా?

వాడెవడో సొంత ఇల్లు, సొంత మెట్లు, పిలవగానే వచ్చే మేస్త్రి ఉన్నవాళ్ళ కోసం రాశాడు. తిట్టడం లేదు. మా మనవడు ఆ రోజే పై మూడు మెట్ల అంచులకు తెల్ల పెయింటు గీత గీశాడు. సాయంత్రం పూట ఆ మూడూ బాగా కనిపిస్తున్నాయి. మిగతా 83కి డబ్బా చాలలేదు.

డాలస్_అబ్బాయి | సోమవారం రాత్రి 9:05

పెద్దవాళ్ళ మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. అమ్మానాన్న గుంటూరు లక్ష్మీపురంలో ఇద్దరే ఉంటారు. పోయినసారి వచ్చినప్పుడు హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి కెమెరాలు పెట్టి వెళ్ళాను. వారానికల్లా వంటింటి కెమెరాలో అంతా తెల్లగా కనిపించింది. పాడయిందేమోనని ఫోన్ చేస్తే, అమ్మ దాని మీద తుండుగుడ్డ కప్పిందట. "పోపు మాడితే కూడా నువ్వు చూడాలా" అంది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు మీరు రాసేవి చదువుతుంటే ఏమో అనిపిస్తోంది. అసలు మీకు ఏది ఇబ్బంది లేకుండా ఉంటుందో అదే చెప్పండి, అది కొని పంపుతాను.

సత్యనారాయణపురం_బ్యాంకు | సోమవారం రాత్రి 9:40

బాబూ, పంపే ముందు ఒక్కసారి వాళ్ళనే అడుగు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇక మిగతావాళ్ళకు. నేను బ్యాంకులో 34 ఏళ్ళు చేశాను, కాబట్టి నాకు కనిపించేది వేరు. ఒక వ్యాయామాల యాప్ దించుకోగానే నా కాంటాక్టులు, ఫోటోలు, మైకు అన్నీ చూసుకోవడానికి అనుమతి అడిగింది. కుర్చీలోంచి లేచి కూర్చోవడానికి మా బావమరిది నంబరు దానికెందుకు? వెంటనే తీసేశాను. మన వయసువాళ్ళు వీటికి దూరంగా ఉండేది చేతకాక కాదు. ఎటుపోయి ఎటొస్తుందో, ఏది నొక్కితే డబ్బులు పోతాయో అన్న టెన్షన్‌తో. ఓటీపీ అడిగే ఆరోగ్య పరీక్ష ఏదైనా సరే మూసేయండి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తొలి గంటలే ముఖ్యం. మాస్టారు చెప్పిన పన్నెండు ప్రశ్నలు నేనూ చూశాను. పేరు కూడా అక్కర్లేదు, కాగితం మీద రాసుకున్నా సరిపోతుంది.

కృష్ణలంక_కోడలు | మంగళవారం ఉదయం 11:30

వాచీ కథ నేను చెబుతాను. మా అత్తయ్యకు 74. మా ఆయన ముచ్చటపడి, పడితే దానంతట అదే ఫోన్ చేసే వాచీ కొన్నాడు. రెండో రోజే ఇంద్రకీలాద్రికి వెళ్ళాం. అత్తయ్య కొబ్బరికాయ ఎత్తి ఠపీమని కొట్టింది. చేతికున్న వాచీ బుర్రున వణికి, "గట్టిగా పడ్డట్టున్నారు, బాగున్నారా?" అని అడిగింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, కళ్ళజోడు సంచిలో ఉంది. అమ్మవారు ఏదో చెబుతోందనుకుని దణ్ణం పెట్టింది. ఈలోగా ఆఫీసులో ఉన్న మా ఆయనకు కబురు వెళ్ళిపోయింది. ఆయన బండి వేసుకుని బయల్దేరేసరికి మేం ప్రసాదం క్యూలో ఉన్నాం.

నవ్వుకున్నాం గానీ అసలు ఇబ్బంది అది కాదు. ఆవిడ బాత్రూంకి లేచేది రాత్రి మూడింటికి. ఆ టైముకి వాచీ చార్జింగులో ఉంటుంది. ఇంకోటి, మెల్లగా గోడకు జారుకుంటూ కూలబడితే అది గుర్తుపట్టలేదు. ఒకసారి నేనే చూశాను. ఇప్పుడు పగలు పదకొండుకి చార్జింగ్ పెట్టి, రాత్రి చేతికి కట్టి పడుకోబెడుతున్నాను. కార్తీకంలో పద్మావతి ఘాట్‌కి వెళ్తే మాత్రం వాచీ మీద నమ్మకం లేదు, మెట్ల మీద పాచి ఉంటుంది. నేనే చెయ్యి పట్టుకుంటాను.

సింగ్‌నగర్_శేషు | మంగళవారం మధ్యాహ్నం 2:10

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్ళు మా వీధిలోంచి తీశాక ఇంట్లో మిగిలిన బురద మీద మా నాన్న జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నీళ్ళున్నన్ని రోజులూ మేడమీద భద్రంగానే ఉన్నాడు. నీళ్ళు పోయాయని కిందికి దిగినరోజే పడ్డాడు.

పటమట_లెక్కల_మాస్టారు | మంగళవారం సాయంత్రం 5:00

తెలుగులో ఉందని చెప్పి ఇంకొక సైటు దొరికితే తెరిచాను. శీర్షిక "పతన ప్రమాద మూల్యాంకనం". నడవడి గురించేమో, ఈ వయసులో నాకు పతనం ఏముంటుందిలే అనుకున్నాను. కింద ఒక ప్రశ్న: "గత సంవత్సరంలో మీరు యాత్ర చేశారా?" అరసవల్లి వెళ్ళొచ్చాం కదా అని అవును అన్నాను. మార్కు పడింది! తర్వాత ఇంగ్లీషులో చూస్తే అక్కడున్నది ట్రిప్ అన్న మాట, అంటే కాలు తట్టుకుని తూలారా అని. మెషీను దాన్ని యాత్ర చేసి పెట్టింది. సూర్యనారాయణస్వామిని చూసొచ్చినందుకు ఒక ప్రమాదం మార్కు. తెలుగులో పెట్టేటప్పుడు ఒక్క ముసలమ్మ చేత చదివించి ఉంటే సరిపోయేది.

బ్రాడీపేట_అత్తయ్య | మంగళవారం రాత్రి 10:25

రాయాలా వద్దా అని రెండు రోజులుగా అనుకుంటున్నాను. ఇక్కడ ఎవరికీ నా పేరు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నాకు 68. ఆయన పోయి ఆరేళ్ళు. ఒక్కదాన్నే ఉంటాను. మొన్న మాఘమాసంలో పొద్దున్నే స్నానానికి వెళ్ళి, బకెట్ జరపబోతే నైటీ అంచు కాలికింద పడింది. ఎలా పడ్డానో గుర్తులేదు. నేల చల్లగా చెంపకు తగలడం గుర్తుంది. కుళాయి తిప్పి ఉంది, బకెట్ నిండి నీళ్ళు నా మీదుగా పోతున్నాయి, ఆపడానికి చెయ్యి అందదు. లేవబోతే నడుం లేవదు. తలుపు గడియ లోపల్నుంచి నేనే పెట్టాను, ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు కదా, అయినా అలవాటు. ఎనిమిదింటికి అమ్మాయి ఫోన్. రోజూ ఆ టైముకే చేస్తుంది. డైనింగ్ టేబుల్ మీద మోగుతోంది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆ ఫోన్లో నడక లెక్కపెట్టే యాప్ ఉంది, డాక్టరుతో మాట్లాడే యాప్ ఉంది, అన్నీ ఉన్నాయి. అది అక్కడ ఉంది, నేను ఇక్కడ ఉన్నాను.

పాకుకుంటూ కమోడ్ దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని లేచేసరికి తొమ్మిదిన్నర. ఎముకలేమీ విరగలేదు, తొడంతా నల్లగా కమిలింది. అమ్మాయికి "పూజలో ఉన్నానే" అని చెప్పాను. నాలుగు నెలలయింది, ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఈ ఇల్లు తాళం పెట్టి నన్ను బెంగళూరు తీసుకుపోతుంది. అక్కడ పన్నెండో అంతస్తు. తులసికోట పెట్టుకోవడానికి చోటుండదు.

మాస్టారుగారు పెట్టిన ప్రశ్నాపత్రం నిన్న నేనూ నింపాను. మొదటి ప్రశ్నే, గత ఏడాదిలో పడ్డారా అని. నా వేలు "కాదు" మీదికి వెళ్ళింది. చూసేవాళ్ళెవరూ లేరు. ఫోనుకు కూడా అబద్ధం చెప్పాను.

కొండమీద_ఇల్లు | మంగళవారం రాత్రి 10:50

వదినా, నేను రెండుసార్లు పడ్డాను. మా కోడలికి ఒకటే తెలుసు.

పాతకాలం_మనిషి | బుధవారం ఉదయం 5:30

అమ్మా, ఈ రోజు నుంచి గడియ పెట్టకు. కుర్చీ అడ్డం పెట్టుకో, బయట్నుంచి తోస్తే జరిగేలా.

ఫిజియో_గుంటూరు | బుధవారం మధ్యాహ్నం 1:15

నేను ఫిజియోథెరపిస్టుని. రోజూ తుంటి ఆపరేషన్లయినవాళ్ళను నడిపించడమే నా పని. అత్తయ్యగారు రాసింది మా గదిలో వారానికి ఒకసారైనా వింటాను, అందరూ గొంతు తగ్గించే చెబుతారు. ఇది మీ ఒక్కరి సంగతి కాదండి. 65 దాటినవాళ్ళలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రపంచం మొత్తం మీద పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదాల చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే.

యాప్‌ల మాటకొస్తే, పనికిరావని అనను. ఆస్ట్రేలియాలో స్టాండింగ్ టాల్ అని ఒకటి తయారుచేసి, సిడ్నీలో 70 దాటిన 503 మంది మీద రెండేళ్ళు పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లోనే ట్యాబ్లెట్ తెర మీద చూసుకుంటూ వారానికి రెండు గంటలు నిలకడ వ్యాయామాలు చేయాలి. మొదటి ఏడాది పెద్ద తేడా కనిపించలేదు. రెండేళ్ళు కలిపి చూస్తే మాత్రం పడటాలు 16 శాతం తగ్గాయి. మామిడి మొక్క నాటినట్టే, వెంటనే కాపు అడగకూడదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు పది రోజులు చేసి "ఏం తేడా లేదమ్మా" అని మానేస్తారు.

ఫోన్ లేకపోయినా చేసుకోగల పరీక్ష చెబుతాను. చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, నున్నటి నేల మీద వెనక్కి జారుతుంది. చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో పక్కన ఇంకొకరు లెక్కపెట్టాలి. 70 నుంచి 74 మధ్య మగవాళ్ళకు 12, ఆడవాళ్ళకు 10 కన్నా తగ్గితే కాళ్ళలో బలం చాలనట్టు. 75 నుంచి 79 అయితే మగవాళ్ళకు 11, ఆడవాళ్ళకు 10.

ఏ యాప్ కూడా మీ మాత్రల డబ్బా తెరిచి చూడదు. నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కి వేసుకునే కొన్ని మాత్రలు లేచి నిలబడగానే కళ్ళు తిరిగేలా చేయగలవు. పడుకుని అయిదు నిమిషాలాగి బీపీ చూపించుకోండి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూపించుకోండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. మాత్రలు మీ అంతట మీరు మాత్రం ఆపకండి. అలాగే దూరానికీ దగ్గరికీ కలిపిన కళ్ళద్దాలతో మెట్లు దిగితే కింది మెట్టు మసగ్గా కనిపిస్తుంది, చాలామంది చివరి మెట్టు మీదే పడతారు.

మాస్టారుగారూ, పాదాల్లో స్పర్శ తగ్గిందని రాశారు. ఇంట్లో వట్టి కాళ్ళతో తిరగొద్దు. అరిగిన హవాయి చెప్పులూ వద్దు. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి.

పాతకాలం_మనిషి | బుధవారం సాయంత్రం 6:00

చేశాను. 9.

ఫిజియో_గుంటూరు | బుధవారం సాయంత్రం 6:20

బాబాయ్‌గారూ, చేతులు గుండె మీద కట్టుకునే లేచారా?

పాతకాలం_మనిషి | బుధవారం సాయంత్రం 6:24

ఒక చెయ్యి తొడ మీద ఆనించాను.

ఫిజియో_గుంటూరు | బుధవారం సాయంత్రం 6:26

అయితే రూలు ప్రకారం సున్నా అండి.

పటమట_లెక్కల_మాస్టారు | బుధవారం సాయంత్రం 6:31

నాకూ సున్నాయే. మా ఆవిడ ఫోన్లో టైము చూసి, సానుభూతి కూడా చూపించకుండా కాఫీ కలపడానికి వెళ్ళిపోయింది.

పాతకాలం_మనిషి | బుధవారం సాయంత్రం 6:45

నా చదువు మొత్తంలో సున్నా రాలేదు. ఆ లేచి కూర్చునేది రోజుకు ఎన్నిసార్లు చేయాలి?

ఫిజియో_గుంటూరు | బుధవారం రాత్రి 8:10

ముందు చెయ్యి ఆనించుకునే చేయండి, పూటకు అయిదు. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు కొత్త వ్యాయామం మొదలుపెట్టకండి. కావాలంటే రోజూ పొద్దున 6:15కి పావుగంట వీడియో కాల్ పెడతాను. నలుగురైదుగురు చాలు, అంతకు మించితే ఎవరు తూలుతున్నారో నాకు కనిపించదు.

మోడరేటర్ | బుధవారం రాత్రి 8:30

కాల్ లింకు ఇక్కడ పెట్టవద్దు, సభ్యులకు విడిగా పంపండి. వృద్ధుల సహాయానికి దేశమంతా పనిచేసే ఎల్డర్‌లైన్ నంబరు 14567. ఇంట్లోంచే ప్రభుత్వ డాక్టరుతో ఫోన్లో మాట్లాడటానికి ఈ-సంజీవని ఉంది, ఉచితం. పడి లేవలేకపోతే, కాలు కదిపితే భరించలేని నొప్పి ఉంటే ఎవరూ లాగి లేపకండి, 108కి చేయండి.

పటమట_లెక్కల_మాస్టారు | మూడు వారాల తర్వాత, ఆదివారం

ఏం జరిగిందో చెబుతాను. పడుకుని చూస్తే బీపీ పై అంకె 142, లేచి నిలబడ్డాక 116. మా డాక్టరు గారు రాత్రి మాత్ర మార్చారు, నిద్రమాత్ర సగం చేశారు. బాత్రూంలో కడ్డీ బిగించడానికి మేస్త్రిని పిలిస్తే తువ్వాలు వేసుకునే రాడ్డు తెచ్చాడు. "ఇది నా బరువు మోస్తుందా?" అంటే "తువ్వాలు మోస్తుంది సార్" అన్నాడు. నిజాయితీపరుడు. స్టీలు కడ్డీ తెప్పించి, టైలు వెనక డొల్లగా ఉన్నచోట కాకుండా తట్టి చూసి గట్టి చోట బోల్టులు వేయించాను. కూలితో కలిపి 1,400 అయింది. ఇదంతా ఆ పన్నెండు ప్రశ్నల దగ్గర మొదలైందే. ఫోన్ ఏమీ బిగించలేదు, పోరు మాత్రం పెట్టింది.

కుర్చీ లెక్క చేతులు ఆనించకుండా 6. ఇంకో ఆరు కావాలి.

డాలస్_అబ్బాయి | ఆదివారం

కెమెరాలు తీసేయించాను. అమ్మను అడిగితే రాత్రి మంచం దిగగానే వెలిగే లైటు కావాలంది. 600 రూపాయలకు దొరికింది. ఆవిడ అడిగింది అదొక్కటే.

బ్రాడీపేట_అత్తయ్య | ఆదివారం రాత్రి

అమ్మాయికి చెప్పాను. ఏడ్చింది, తిట్టింది, టికెట్ కొంటానంది. మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, ఎనిమిదింటికి తీయకపోతే పక్కింటి వాళ్ళకు చేస్తానని, వాళ్ళ దగ్గర ఒక తాళంచెవి ఉండాలని అంది. సరేనన్నాను. ఫోన్‌కి ప్లాస్టిక్ సంచి తొడిగి బాత్రూం మేకుకు తగిలిస్తున్నాను, నేల మీద నుంచి అందేంత కిందికి. ప్రశ్నాపత్రం మళ్ళీ నింపాను. మొదటిదానికి అవును నొక్కాను. 6 వచ్చింది.

పాతకాలం_మనిషి | ఆదివారం రాత్రి

రేపు కాల్ ఆరుంబావుకేనా? ఆ లింకు మళ్ళీ పంపండమ్మా, ఇవాళ నొక్కితే తెరుచుకోలేదు. ఒక్కణ్ణే గట్టు పట్టుకుని చేశాను.